సెకండాఫ్‌లో హీరోయిన్ ఉద్యోగం ఏమవుతుంది?

(ఒక మహిళా డిగ్రీ కళాశాలలో తెలుగు ప్రేమ హాస్యచిత్రాల గురించి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపల్ మేడమ్‌కి, తెలుగు శాఖవాళ్ళకి, భోజనం చేసి వచ్చి నిద్ర ఆపుకుంటూ కూర్చున్న మీ అందరికీ కూడా. వెనక వరసలకి వినిపిస్తోందా? వినపడకపోతే చెయ్యి ఊపండమ్మా, గొంతు పెంచుతాను. మైకుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

నాకిచ్చిన అంశం ప్రేమ హాస్యచిత్రాల్లో స్త్రీ. ఇలాంటి అంశం ఇస్తే మామూలుగా ఏం చేస్తాం? హీరోయిన్‌ని పాటలకే వాడుకుంటున్నారు, బొమ్మలా చూపిస్తున్నారు అని ఓ గంట తిట్టేసి, టీ తాగి ఇంటికెళ్ళిపోతాం. ఆ తిట్లు అబద్ధమని కాదు. మీకవన్నీ తెలుసు, నాకన్నా బాగా తెలుసు, మీమ్స్ కూడా మీరే చేస్తారు. అందుకని నేను ఒక్క ప్రశ్న పట్టుకుని వచ్చాను. హీరోయిన్ ఏం పని చేస్తుంది? సినిమా అయ్యేసరికి ఆ పని ఏమవుతుంది? అంతే. ఈ రెండే అడుగుతాను. ప్రేమ గురించి, ఆడతనం గురించి ఏం చెప్పాలన్నా ఈ దారినే వెళ్ళి చెప్తాను.

మీకు బాగా నచ్చిన ప్రేమ కామెడీ ఒకటి మనసులో అనుకోండి. అనుకున్నారా? అందులో హీరోయిన్ జీతం ఎంతో మీకు తెలుసా? నవ్వకండి. హీరో జీతం మనకి తరచుగా తెలుస్తుంది. జీతం లేకపోతే లేదనైనా తెలుస్తుంది, ఎందుకంటే వాళ్ళ నాన్న రోజూ పొద్దున్నే దాని మీదే తిడుతుంటాడు. హీరోయిన్ సంగతో? ఆఫీసుకి వెళ్తుంది, ఐడీ కార్డు మెళ్ళో ఉంటుంది. ఆ కార్డు మీద ఏం రాసుందో ఎవరూ చదవరు.

సరే, పాత సినిమా నుంచి మొదలుపెడదాం. పాతదంటే బాగా పాతది, 1955. మిస్సమ్మ. చూసినవాళ్ళు ఎంతమంది? పర్వాలేదే! అమ్మమ్మల పుణ్యం.

మిస్సమ్మ కథ ఒకసారి పని వైపు నుంచి చెప్పుకుందాం. మేరీ బీఏ చదివింది. ఇంట్లో అప్పు ఉంది. అప్పిచ్చినవాడు డేవిడ్. డబ్బు ఇవ్వలేకపోతే నన్ను పెళ్ళి చేసుకో అంటాడు. మేరీకి ఉద్యోగం కావాలి. ఎందుకు? సరదాకి కాదు, కాలక్షేపానికి కాదు, 'నా కాళ్ళ మీద నేను నిలబడాలి' అని ఉపన్యాసం ఇవ్వడానికీ కాదు. ఇష్టం లేని పెళ్ళి తప్పించుకోవడానికి. జీతం వస్తే అప్పు తీరుతుంది, అప్పు తీరితే డేవిడ్ పీడ వదులుతుంది. ఎంత స్పష్టంగా ఉందో చూడండి!

ఇక్కడే పెద్ద తమాషా ఉంది. అప్పాపురం జమీందారు బడికి టీచర్లు కావాలని ప్రకటన వస్తుంది. గ్రాడ్యుయేట్లు కావాలి, పైగా భార్యాభర్తలై ఉండాలి. అంటే ఏమిటి? పెళ్ళి తప్పించుకోవాలంటే ఉద్యోగం కావాలి. ఉద్యోగం కావాలంటే పెళ్ళయి ఉండాలి. పాపం, ఆ పిల్ల ఎటు తిరిగినా పెళ్ళే ఎదురొస్తోంది. అందుకే ఎంటీ రావు అనే ఇంకో నిరుద్యోగితో మొగుడూపెళ్ళాల్లా నటించడానికి ఒప్పుకుంటుంది. బయటికి దంపతులు, లోపల ఇద్దరు ఉద్యోగులు. సినిమా కామెడీ అంతా ఈ రెండింటి మధ్య నలుగుతుంది. ఆవిడకి ముక్కు మీద కోపం, ఈయనకి దేనికీ తొందర లేదు. జమీందారు దంపతులేమో పరాయి పిల్లని సొంత కూతుర్లా చూసుకుంటారు.

నాకు మేరీలో నచ్చేది ఆ చిరాకు. సావిత్రి గారు ఆ చిరాకు ఎంత బాగా చేశారంటే, చక్రపాణి, నాగిరెడ్డి గార్ల విజయా సంస్థ మొదట ఆ పాత్రకి భానుమతి గారిని అనుకుంది అన్న సంగతి ఇప్పుడు నమ్మడం కష్టం. కొన్ని రీళ్ళు తీశాక భానుమతి గారు తప్పుకున్నారు, సావిత్రి గారు వచ్చారు. భానుమతి గారు అప్పటికే స్టూడియో పెట్టిన మనిషి, 1953లో చండీరాణి సినిమాకి దర్శకత్వం వహించిన మనిషి. ఆవిడ మేరీ అయ్యుంటే ఆ చిరాకు ఇంకెలా ఉండేదో! అది వేరే సంగతి, పక్కన పెడదాం.

ఇప్పుడు రెండో ప్రశ్న. మేరీ ఉద్యోగం చివరికి ఏమైంది? ఎవరైనా చెప్పండి. ఆఁ, కరెక్టు. ఆవిడే జమీందారు గారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి. ఆ బడి ఉన్నదే ఆ పేరు మీద! జీతం తీసుకునే టీచరు ఒక్క దెబ్బతో బడి యజమాని కూతురైపోయింది. అప్పు ఎగిరిపోయింది, డేవిడ్ ఎగిరిపోయాడు, మతం చిక్కు కూడా మెల్లగా సర్దుకుంది. మేరీ ఏ కష్టం మీద ఉద్యోగంలో చేరిందో ఆ కష్టమే లేకుండా పోయింది. బాగుంది, మనందరికీ సంతోషమే. కానీ బీఏ చదివిన మేరీకి దొరికిన పరిష్కారం బీఏ కాదు కదా? పుట్టుక. చిన్నప్పుడు తప్పిపోకుండా ఉండుంటే ఆ పిల్లకి ఉద్యోగం అవసరమే పడేది కాదని సినిమా నవ్వుతూ చెప్పేస్తుంది.

అయినా సరే, నేను మిస్సమ్మని తిట్టను. ఎందుకంటే ఆ సినిమాలో ఉద్యోగం తీసేస్తే కథే లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత వచ్చే సినిమాలని దీనితో పోల్చి చూద్దాం.

ఏడేళ్ళ తర్వాత, 1962లో అదే విజయా వాళ్ళది గుండమ్మ కథ. ఇందులో ఆడవాళ్ళ పని సినిమా నిండా ఉంటుంది, కాకపోతే ఒక్క రూపాయి జీతం లేదు. సవతి కూతురు లక్ష్మి ఇంటెడు చాకిరీ చేస్తుంది. సొంత కూతురు సరోజ కాలు కింద పెట్టదు. హీరోలిద్దరూ వచ్చి ఏం చేస్తారు? అంజి వచ్చి లక్ష్మి చేస్తున్న పనిలో చెయ్యేస్తాడు. ఎన్టీఆర్ అంతటి హీరో నిక్కరు వేసుకుని పిండి రుబ్బాడు, ఆ బొమ్మ ఇప్పటికీ పోస్టర్లలో వేసుకుంటాం. రాజా ఏమో సరోజని పెళ్ళి చేసుకుని, ఆ ఇంట్లోంచి బయటికి తీసుకొచ్చి, ఒళ్ళు వంచి పని చేయిస్తాడు. పొగరు దిగాలి కదా! షేక్‌స్పియర్ నాటకంలో గయ్యాళిని దారికి తెచ్చే కథ ఉంది, దాని వాసన ఇక్కడ బాగానే తగులుతుంది. అంటే ఒకే సినిమాలో ఒక ఆడపిల్లకి పని అన్యాయం, ఇంకో ఆడపిల్లకి పని శిక్ష. మంచి భార్య కావాలంటే పని నేర్చుకోవాలి. ఏ పని? ఇంటి పని, ఒంటి పని. డబ్బు లెక్కల పని కాదు.

ఆ సినిమాలో డబ్బు లెక్కలు చూసుకునే ఆడమనిషి ఒక్కతే ఉంది. ఎవరు? గుండమ్మ! సూర్యకాంతం గారు. భర్త పోయాక ఆస్తి కాపాడుకుంటూ వస్తున్న మనిషి. ఆవిడని మనం గయ్యాళి అన్నాం. ఇద్దరు అగ్ర హీరోలున్న సినిమాకి ఆవిడ పేరు పెట్టారు చూడండి, అక్కడ మాత్రం నిర్మాతలకి దణ్ణం పెట్టాలి.

యద్దనపూడి సులోచనారాణి గారి గురించి మాట్లాడకుండా ముందుకెళ్తే ముందు వరసలో కూర్చున్న మేడమ్స్ ఊరుకోరు. సెక్రటరీ నవల చదవని ఇల్లు లేదు ఆ రోజుల్లో. 1976లో నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమా కూడా వచ్చింది. జయంతి ఉద్యోగం చేసుకునే పిల్ల, ఆత్మాభిమానం ఉన్న పిల్ల. రాజశేఖరం పెద్ద డబ్బున్నవాడు. టైపు మిషను ముందు కూర్చున్న ఆడపిల్లకి కూడా కథ ఉంటుందని, ఆమెకీ పట్టుదల ఉంటుందని లక్షల మంది పాఠకురాళ్ళకి ఆ నవల చెప్పింది. చిన్న విషయం కాదు. కాకపోతే ఆ ఆఫీసు తలుపు చివరికి ఎక్కడికి తెరుచుకుంది? బాస్ గారి ఇంట్లోకి. ఆ తర్వాత వచ్చిన బోలెడన్ని ప్రేమకథల్లో ఉద్యోగం అంటే హీరోని కలుసుకునే చోటు అని ఖాయమైపోయింది.

సరిగ్గా ఇదే ఉద్యోగం, ఇదే కోరిక హీరోయిన్‌కి కాకుండా హాస్యనటికి ఇస్తే ఏమవుతుంది? జంధ్యాల గారి చంటబ్బాయ్, 1986. శ్రీలక్ష్మి గారు గుర్తున్నారా? పత్రికాఫీసుకి వచ్చి నా రచనలు వెయ్యండి, వెయ్యండి అని ఎడిటర్ ప్రాణం తోడేస్తుంది. నేను ఆ సీన్లకి ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతాను. జంధ్యాల గారంటే నాకు చెప్పలేనంత ఇష్టం. కానీ ఒక్కసారి ఆలోచించండి. రాయాలని ఆశ పడిన ఆడమనిషి, అచ్చులో పేరు చూసుకోవాలనుకున్న ఆడమనిషి తెర మీద ఎలా వచ్చింది? జోకుగా వచ్చింది. అందమైన హీరోయిన్‌కి ఆశయం ఉంటే ముద్దొస్తుంది. హాస్యనటికి ఆశయం ఉంటే నవ్వొస్తుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరైనా ప్రాజెక్టుగా తీసుకుని రాయండి, మార్కులు నేను వేయిస్తాను.

మగవాళ్ళ సంగతి కూడా చూడాలి, లేకపోతే లెక్క సగమే అవుతుంది. ప్రేమ కామెడీలో హీరోకి పని ఒక పరీక్ష. 2005లో నువ్వొస్తానంటే నేనొద్దంటానా వచ్చింది. లండన్ నుంచి వచ్చిన కుర్రాడు. అమ్మాయి అన్నయ్య పందెం పెడతాడు, పొలంలో నాకన్నా ఎక్కువ పండించి చూపించు, అప్పుడు నా చెల్లెల్ని ఇస్తాను అని. కుర్రాడు బురదలో దిగుతాడు, పేడ ఎత్తుతాడు, మనం విజిల్ వేస్తాం. ప్రేమ వల్ల మగవాడు పనిమంతుడయ్యాడు. బాగుంది. మరి సిరి? అదే పల్లెలో, అదే అన్నతో పాటు పెరిగిన పిల్ల. ఆమె ఎన్ని బస్తాలు పండించిందో ఎవరైనా కొలిచారా? కొలవరు. పందెం ఉన్నచోటే కొలత ఉంటుంది. పందెం ఎప్పుడూ మగవాళ్ళ మధ్యే ఉంటుంది. అమ్మాయి అందులో ప్రైజు.

మన్మథుడు, 2002. దాదాపు సినిమా అంతా ఆఫీసే. యాడ్ ఏజెన్సీ. ఆడవాళ్ళంటే పడని మేనేజర్ అభిరామ్ దగ్గరికి హారిక అసిస్టెంట్ మేనేజర్‌గా వస్తుంది. త్రివిక్రమ్ గారి మాటలు, ఇప్పటికీ టీవీలో వస్తే ఛానల్ మార్చం. నిజం చెప్పండి, హారిక ఏ యాడ్ చేసిందో మీలో ఒక్కరికైనా గుర్తుందా? అభిరామ్‌కి గుండెలో ఉన్న గాయం మాత్రం అందరికీ గుర్తుంది. ఆమె పనిలో ఎంత గట్టిదైనా, ఆ సినిమాలో ఆమె అసలు డ్యూటీ ఆ గాయం మాన్పడం.

ఇప్పుడు మీ అందరికీ ఇష్టమైన సినిమా దగ్గరికి వస్తున్నాను. కోపాలు తెచ్చుకోవద్దు. బొమ్మరిల్లు, 2006.

హాసిని వచ్చాక మన హీరోయిన్లకి ఒక అచ్చు తయారైంది. అల్లరి పిల్ల. గలగలా మాట్లాడుతుంది, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కూడా కబుర్లేసుకుంటుంది. తల ఒక్కసారి ఢీకొంటే కొమ్ములొస్తాయని ఇంకోసారి ఢీకొట్టేస్తుంది. ఆ తర్వాత పదేళ్ళ పాటు ఎంతమంది హీరోయిన్లు తెర మీద చిన్నపిల్లల్లా గెంతారో లెక్కే లేదు. ఇరవై రెండేళ్ళ అమ్మాయి, ఎనిమిదేళ్ళ పాప మాటలు. ఆడతనం అంటే అమాయకత్వం, ప్రేమ అంటే ఆ అమాయకత్వాన్ని చూసి హీరో కరిగిపోవడం. అమెరికాలో కూడా ఈ అచ్చు ఉంది. నేథన్ రాబిన్ అనే విమర్శకుడు 2007లో దానికి ఒక పేరు కూడా పెట్టాడు, మానిక్ పిక్సీ డ్రీమ్ గర్ల్ అని. దిగులుగా ఉండే హీరోకి జీవితం అంటే ఏమిటో నేర్పడానికే పుట్టిన చలాకీ పిల్ల, తనకంటూ కోరికలేవీ ఉండవు. ఆ పేరుని అందరూ ఇష్టమొచ్చినట్టు వాడేస్తుంటే, అదే మనిషి 2014లో ఎందుకు పెట్టానురా బాబూ అని క్షమాపణ చెప్పుకున్నాడు.

మన హాసిని ఆ అచ్చులో పూర్తిగా పడుతుందా? నన్నడిగితే పడదు. అందుకే ఆ సినిమా మీద నాకు గౌరవం. ఎందుకంటే సెకండాఫ్‌లో ఏమవుతుంది? సిద్ధు ఆమెని ఇంటికి తీసుకొస్తాడు, వారం రోజులు మా ఇంట్లో ఉండు, అందరికీ నచ్చేలా చెయ్యి అని. ఆలోచించండి, ఇది ఉద్యోగం కాదా? వారం రోజుల ప్రొబేషన్! కోడలి పోస్టుకి ఇంటర్వ్యూ! ఆ పిల్ల నవ్వులు తగ్గించుకుంటుంది, మాట తగ్గించుకుంటుంది, భయపడుతూ తిరుగుతుంది. చివరికి నేను నాలా ఉండలేకపోతున్నాను అని చెప్పి వెళ్ళిపోతుంది. ఫస్టాఫ్‌లో మనం చప్పట్లు కొట్టిన అల్లరినే ఆ ఇల్లు తట్టుకోలేకపోయిందని సినిమాయే ఒప్పుకుంది. ఎంత పెద్ద మాట!

ఆ తర్వాతే నాకు పేచీ. అంత పెద్ద ప్రశ్న లేవనెత్తింది హాసిని. జవాబు ఎక్కడ వచ్చింది? సిద్ధుకీ వాళ్ళ నాన్నకీ మధ్య. క్లైమాక్స్ అంతా కొడుకు ఆవేదన. చిన్నప్పటి నుంచి నువ్వు నన్నిలా పెంచావు, నాకేం కావాలో ఎప్పుడైనా అడిగావా అని. ఏడ్చాం, నేనూ ఏడ్చాను. ప్రకాశ్ రాజ్ మొహం చూసి ఎవరేడవరు? కానీ హాసిని బాధ తండ్రీకొడుకుల బాధకి దారి చూపించి పక్కకి తప్పుకుంది. ఇంకో సంగతి. హాసిని ఇంజినీరింగ్ స్టూడెంట్. ఆ చదువు అయ్యాక ఏం చేస్తావమ్మా అని సినిమాలో ఎవరైనా అడిగారా? సిద్ధుకి మాత్రం ఉద్యోగం, పెళ్ళి రెండూ తన ఇష్టప్రకారం జరగాలి. అదే కథ. హాసినికి పెళ్ళి ప్రశ్నే ఉంది, ఉద్యోగం ప్రశ్న లేదు. సిద్ధుతో నిశ్చితార్థం అయిపోయిన సుబ్బలక్ష్మి గురించి నేనింక మాట్లాడను, మొదలుపెడితే సాయంత్రం అవుతుంది.

హాసిని గొంతు జెనీలియాది కాదు, మీకు తెలిసే ఉంటుంది. ఆ గలగల ఒక తెలుగు డబ్బింగ్ ఆర్టిస్టుది. సమంత గారు వచ్చిన కొత్తల్లో ఆవిడకి గొంతు చిన్మయి గారిది. గాయని సునీత గారు ఎంతమంది హీరోయిన్లకి మాట ఇచ్చారో! అంటే మనం ప్రేమించిన హీరోయిన్ ఇద్దరు ఆడవాళ్ళ పని. ఒకరు ఎండలో, వానలో నిలబడి చేసిన పని, ఇంకొకరు చీకటి గదిలో, స్క్రీన్ మీద పెదాలు చూస్తూ, ఒక్కో ఏడుపుని నాలుగైదుసార్లు ఏడ్చి చేసిన పని. నంది అవార్డుల్లో ఉత్తమ మహిళా డబ్బింగ్ కళాకారిణి అని విడిగా ఒక అవార్డు ఉండేది, అదొక్కటీ సంతోషం. ఒక తరం పాటు తెర మీది తెలుగమ్మాయికి మొహం ఒకరిది, మాట ఇంకొకరిది. పెదాలకి సరిపోవాలి, హీరోకి ముద్దు రావాలి. అలాంటప్పుడు ఆ గొంతు కొంచెం చిన్నపిల్ల గొంతులా మారిపోయిందంటే ఆశ్చర్యం ఏముంది?

ఇక్కడ ఎవరో ఒకరు అనుకుంటూ ఉంటారు, మేడమ్, సరదాగా చూసే సినిమాకి ఇంత గొడవ అవసరమా అని. అనుకోండి. సరదా సినిమా కాబట్టే అవసరం. విలన్ అమ్మాయి వెంట పడితే మనకి భయమేస్తుంది. హీరో వెంట పడితే, పక్కన ముగ్గురు ఫ్రెండ్స్ జోకులేస్తుంటే, వెనక మ్యూజిక్ వస్తుంటే మనమూ నవ్వుతాం. ఆమె వద్దంటుంది, అది ఇంకా కథ మొదలవలేదని గుర్తు. మళ్ళీ వద్దంటుంది, పాట వస్తుంది. ఎక్కడ వెంటపడతాడో గమనించారా? బస్ స్టాప్‌లో, కాలేజీ గేటు దగ్గర, ఆఫీసు కింద టీ బండి దగ్గర. ఆమె పనికి వెళ్ళే దారే అతని ప్రేమకి లొకేషన్. ఆ పూట ఆమెకి క్లాసు పోయిందా, ఆఫీసులో లేటు పడిందా అన్నది స్క్రిప్టులో ఉండదు. మీలో బస్సులో వచ్చేవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

అన్నీ ఇలాగే ఉన్నాయా అంటే లేవు. శేఖర్ కమ్ముల గారి ఆనంద్ 2004లో వచ్చింది. రూపకి ఎవరూ లేరు, సొంత సంపాదన ఉంది. పెళ్ళిరోజే, కాబోయే అత్తగారి పెత్తనం దగ్గర, నోరెత్తని పెళ్ళికొడుకు దగ్గర ఆగిపోయి నాకీ పెళ్ళి వద్దంటుంది. ఎలా అనగలిగింది? తర్వాతి రోజు పొద్దున్న ఆమెకో ఇల్లుంది, వెళ్ళడానికో ఆఫీసుంది. మేరీకి ఉద్యోగం ఎందుకు కావాల్సి వచ్చిందో గుర్తుందిగా? యాభై ఏళ్ళ తర్వాత రూపకి అది చేతిలో ఉంది. రెండేళ్ళకి గోదావరిలో సీత బొటీక్ పెడుతుంది. సరిగ్గా నడవదు. పైగా ఇంట్లో సంబంధాల గోల. హీరోయిన్‌కి బిజినెస్ ఇవ్వడం కన్నా, ఆ బిజినెస్ నడవకపోవడం చూపించడమే నాకు ఎక్కువ నచ్చింది. ఓడిపోయే హక్కు అప్పటిదాకా హీరోలకే ఉండేది.

ఆ దారిలో బాగా ముందుకెళ్ళింది పెళ్ళిచూపులు. 2016, తరుణ్ భాస్కర్. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, మాటలకి కూడా వచ్చింది. తప్పు ఇంటికి పెళ్ళిచూపులకి వెళ్తారు, అబ్బాయీ అమ్మాయీ గదిలో ఇరుక్కుపోతారు, తలుపు రాదు. ఆ గదిలో ఏం మాట్లాడుకుంటారు? మామూలుగా అయితే మీకు వంట వచ్చా, పాటలు వచ్చా అని అడగాలి కదా? ఇక్కడ చిత్ర తన ఫుడ్ ట్రక్ ప్లాన్ చెప్తుంది. ప్రశాంత్ సప్లిమెంటరీల మీద సప్లిమెంటరీలు రాసి బీటెక్ గట్టెక్కిన మనిషి, వాడికి నిజంగా ఇష్టమైంది వంట. తర్వాత ఇద్దరూ కలిసి ట్రక్ నడుపుతారు, అబ్బాయి గరిటె పట్టుకుంటాడు, అమ్మాయి లెక్కలు చూస్తుంది. ఈ తారుమారుని ఆ సినిమా పెద్దగా చాటింపు వెయ్యదు, దాని మీద డైలాగులు కొట్టదు. ఉల్లిపాయలు తరుగుతూ, కస్టమర్లకి ప్లేట్లు అందిస్తూ మనుషులు ఒకరికొకరు అలవాటవుతారు. ప్రేమ అక్కడే పుట్టింది, పనిలో. పాట కోసం పని ఆపి ఎక్కడికో వెళ్ళాల్సిన అవసరం రాలేదు. షూటింగ్‌లోనే మాట రికార్డు చేశారు కాబట్టి చిత్ర గొంతు చిత్రదే. విసుగొస్తే విసుగ్గా ఉంటుంది ఆ గొంతు, ముద్దుగా ఉండదు.

ఆ మరుసటేడు ఫిదా. బాన్సువాడ భానుమతి. హీరోయిన్ నోట తెలంగాణ మాట అంత దర్జాగా వినపడటం, అదీ తమిళనాడు నుంచి వచ్చిన సాయిపల్లవి సొంత గొంతుతో వినపడటం ఒక పండగ. అంతకు ముందు ఆ యాస మన సినిమాల్లో ఎవరికిచ్చేవాళ్ళో మీకు తెలుసు, కమెడియన్‌కి, లేదంటే రౌడీకి. భానుమతి అడిగేది ఒక్కటే, పెళ్ళయితే నేనెందుకు మా నాన్నని వదిలి పోవాలి? సినిమా ఆ ప్రశ్నని చివరిదాకా వదల్లేదు. అమెరికాలో చదువుకున్న డాక్టరు బాన్సువాడ వచ్చాడు. మా ఇంట్లో ఈ ముగింపు గురించి పెద్ద గొడవైంది. ఇదంతా కల, ఎవరొస్తారు అట్లా అని మా అక్క. అమ్మాయి వెళ్తే అది కల కాదా, అది మాత్రం లోకమా అని నేను. అబ్బాయి ఉద్యోగం ఊరు మారితే మనకి వింత, అమ్మాయి ఉద్యోగం ఊరు మారితే దాన్ని ట్రాన్స్‌ఫర్ అని కూడా అనం, పెళ్ళి అంటాం.

ఈ మధ్య ఇంకా ధైర్యంగా రాస్తున్నారు. 2023లో మిస్ శెట్టి మిస్టర్ పోలిశెట్టిలో అన్విత లండన్‌లో షెఫ్, పెళ్ళి లేకుండా బిడ్డని కనాలనుకుంటుంది. అనుష్క లాంటి పెద్ద హీరోయిన్‌తో, ఇంటిల్లిపాదీ చూసేలా ఆ మాట చెప్పించారు. మెచ్చుకోవాలి. దాని గురించి మీరే మాట్లాడుకోండి, నాకు టైమ్ అయిపోతోందని సార్ వాచీ చూపిస్తున్నారు.

ఒక్క సినిమా చెప్పి ఆపేస్తాను. ఓ బేబీ, 2019, నందినీ రెడ్డి గారిది. కొరియన్ సినిమాకి రీమేక్. ఆడదర్శకులు తీసిన ప్రేమ కామెడీలు మనకి తక్కువే, ఆవిడ కొన్ని తీశారు. డెబ్బై ఏళ్ళ సావిత్రమ్మ. లక్ష్మి గారు వేశారు. భర్త పోతే నానా చాకిరీ చేసి ఒక్కగానొక్క కొడుకుని పెంచుకుంది. ఆ చాకిరీతో నోరు పదునెక్కింది, ఇంట్లో అందరికీ భారమైంది. ఒక ఫొటో స్టూడియోకి వెళ్ళి ఫొటో దిగి బయటికొచ్చేసరికి ఇరవై నాలుగేళ్ళ సమంత! వయసు తిరిగొచ్చిన ఆడమనిషి మొదట ఏం చేస్తుంది? పాడుతుంది. మనవడి బ్యాండ్‌లో చేరి పాడుతుంది. అప్పుడెప్పుడో పిల్లవాడి పాల కోసం పక్కన పెట్టిన పాట. ఒక కుర్రాడు ఇష్టపడతాడు కూడా. అల్లరి పిల్లే ఈమె కూడా, హాసిని కన్నా అల్లరి. కానీ ఈ అల్లరి వెనక యాభై ఏళ్ళ పని ఉంది, అందుకే నాకు ఇది ముద్దుగా కాక నిజంగా తోచింది.

తర్వాత మనవడికి యాక్సిడెంట్ అవుతుంది. రక్తం కావాలి. ఇస్తే మళ్ళీ ముసలిదైపోతుంది. ఇస్తుంది. పాట, ప్రేమ, వయసు అన్నీ ఆసుపత్రి మంచం దగ్గర వదిలేస్తుంది. హాల్లో అందరం కళ్ళు తుడుచుకున్నాం. నాన్నమ్మలు అలాగే చేస్తారు, నాకు ఆ నిర్ణయం మీద పేచీ లేదు.

పేచీ దాని తర్వాత వచ్చే చిన్న జోకు మీద. ఆవిడని చిన్నప్పటి నుంచి అభిమానించే చంటి, రాజేంద్రప్రసాద్ గారు వేసిన పాత్ర, ఆయన కూడా అదే స్టూడియోకి వెళ్ళి నాగచైతన్యలా మారి వచ్చేస్తాడు. హాలంతా ఈలలు. నేనూ వేశాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, ఆవిడ వయసు మనవడి రక్తం కింద జమైపోయింది. ఆయన వయసుకి ఎవరూ ఏమీ అడగలేదు, ఊరికే ఇచ్చేశారు.

సరే, ఇంక మీ వంతు. మైకు అటు పంపండి. బొమ్మరిల్లు గురించి నన్ను తిట్టాలనుకున్నవాళ్ళు ముందు రండి.